కొత్త లారీ వస్తోంది, పాతది కూడా ఉంటుంది: బాడుగల సంగతి

మండీ అన్నలకు, తోటల రైతులకు, బెల్లం వ్యాపారులకు నమస్కారం.

"ఏమన్నా, కొత్త లారీ బుక్ చేసినావంట, ఇంక బాడుగ పెంచేస్తావా?" అని కొన్నాళ్లుగా కనిపించిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు. చిత్తూరు మండీలో ఏ మాటా దాగదు కదా. అవును, బుక్ చేశాం. చెన్నై, బెంగళూరు బాడుగ కొంచెం మారుతుంది. తోట నుంచి ఫ్యాక్టరీకి వేసే లోకల్ బాడుగ మారదు. ఎవరికి ఎంత పడుతుందో, ఎందుకు పడుతుందో ఇక్కడే చెప్పేస్తాను. చివరికి ఆ డబ్బు రావాల్సింది మీ దగ్గర్నుంచే కాబట్టి లెక్క మీకు తెలియాలి.

మా దగ్గర ఉన్నవి రెండు ఆరు టైర్ల లారీలు. ఒకటి 2014 మోడల్, ఇంకోటి 2021ది. మొదటిదానికి ఈ ఆగస్టుతో 12 ఏళ్లు నిండుతాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రెండు యాక్సిళ్ల (ఇరుసుల) లారీకి 12 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్, అంటే రాష్ట్రాలు దాటి తిరిగే పర్మిట్, ఇవ్వరు. మల్టీ యాక్సిల్ బండికైతే 15 ఏళ్ల దాకా ఇస్తారు. ఇంజిన్ ఎంత బాగున్నా, నిన్ననే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయినా ఈ రూలు మారదు. మన ఊరు చూస్తే ఇటు కాసేపు పోతే తమిళనాడు, అటు మొగిలి ఘాటెక్కి పలమనేరు దాటితే కర్ణాటక. రాష్ట్రం దాటలేని లారీతో ఇక్కడ సగం వ్యాపారమే చేయగలం. బెంగళూరు లైనుకు ఇంకో బండి ఎలాగూ కావాలి. కొత్తదా, పాతదా అన్నదే ప్రశ్న.

మా ఇంట్లో షోరూం నుంచి లారీ తెచ్చిన చరిత్ర లేదు. మా నాయన కొన్నవన్నీ సెకండ్ హ్యాండే. 2021 బండిని కూడా ఒకరి దగ్గర ఏడాది తిరిగాకే తీసుకున్నాం. అందుకే ఈసారీ మొదట పాతవాటి వైపే చూశాం.

పాత లారీ కొనేవాళ్ల కన్నంతా ఒక్క కాలం బండ్ల మీదే ఉంటుంది. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితి పెంచింది. ఆరు టైర్ల లారీ లోడుతో కలిపి 16.2 టన్నులు ఉండొచ్చన్నది 18.5 టన్నులైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది. ఈ రెండింటి మధ్య తయారైన బండి దొరికితే లోడు ఎక్కువ పడుతుంది, సైలెన్సర్ దగ్గర పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు గోల ఉండదు. ఆ సంగతి అమ్మేవాళ్లకూ బాగా తెలుసు, అందుకే ధర దిగరు.

నామక్కల్ వైపు ఒక యార్డులో 2019 బండి ఉందంటే మా మేస్త్రీని తీసుకుని వెళ్లాను. దూరం నుంచి చూస్తే పెళ్లికొడుకులా ఉంది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, టైర్లకు నల్లరంగు. మేస్త్రీ వాటి వైపు చూడనైనా చూడలేదు. టార్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని నేరుగా బండి కింద దూరాడు. వెనక కమాన్ కట్ట (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బ్రాకెట్ పక్కన ఛాసిస్ మీద పెయింటు గీకితే లోపల వెల్డింగ్ గీత బయటపడింది, వేలెడంత పొడుగు. అంటే ఒకసారి ఛాసిస్ చిట్లింది, అతికించారు, రంగేశారు. తర్వాత బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, వేడిగా ఉంది. మేం వచ్చేలోపే ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో మనం చూడకూడదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ. "బ్యాక్ కంప్రెషన్ ఉంది, ఇంకో ఏడాదిలో ఇంజిన్ పని తప్పదు" అన్నాడు మేస్త్రీ. దానికి అడిగింది 14 లక్షలు.

అన్నీ అలాంటివే ఉంటాయని కాదు. ఒక్కడే ఓనరు, ఒక్కడే డ్రైవరు ఉన్న మంచి బండ్లూ చూశాం. వాటి ధర కూడా అటూ ఇటూగా అంతే. ఇంటికొచ్చి లెక్క వేస్తే మంచి బండి దొరికినా నాకు గిట్టదని తేలింది.

నేను వేసింది పర్మిట్ ఏళ్ల లెక్క. 2019 లారీకి నేషనల్ పర్మిట్ 2031 దాకా వస్తుంది. 14 లక్షలు పెడితే ఐదేళ్లు లైను మీద, అంటే రాష్ట్రం దాటి, తిరుగుతుంది, ఏడాదికి 2.8 లక్షలు. కొత్తది బాడీ, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అన్నీ కలిపి 27 లక్షల దాకా పడుతోంది. దానికి 2038 దాకా 12 ఏళ్ల లైను ఉంది, ఏడాదికి 2.25 లక్షలు. ఆ గడువు తీరాక రెండూ లోకల్ బండ్లే, అమ్మితే వచ్చే ధర కూడా ఇంచుమించు ఒకటే. వడ్డీ కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. పాత బండి ఫైనాన్సుకు నాకు చెప్పింది 15 శాతం, కొత్తదానికి 10 శాతం. ఆ లెక్కన పాతది ఏడాదికి మూడున్నర లక్షలు అవుతుంటే కొత్తది రెండు లక్షల డెబ్భై అయిదు వేల దగ్గర ఆగుతోంది.

2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడం కూడా కలిసొచ్చింది. మామిడి, టమాటా లాంటి పంట బాడుగ మీద జీఎస్టీ లేదు. కాబట్టి లారీ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ మాలాంటి వాళ్లకు తిరిగి రాదు. అందుకే ఆ పది శాతం మాకు నేరుగా మిగిలినట్టే.

మరి ఇంత బాగుంటే బాడుగ ఎందుకు పెంచడం అంటారేమో. పన్నెండేళ్ల లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది, కంతు మాత్రం నెలనెలా కట్టాలి. కొత్తదానికి 5 లక్షలు చేతి నుంచి వేసి 22 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 46,700. పాతదానికి 4 లక్షలు వేసి 10 లక్షలు నాలుగేళ్లకు తీసుకుంటే 27,800. తేడా దాదాపు 19 వేలు. లైను బండి నెలకు ఆరు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. మా 2021 లారీకి లోడు మీద లీటరుకు ఐదున్నర కిలోమీటర్లు వస్తోంది, 2019 బండ్లు నడిపేవాళ్లు ఐదు అంటున్నారు. ఆ లెక్కన కొత్తదాంట్లో నెలకు 110 లీటర్ల డీజిల్, ఇంచుమించు పది వేలు మిగులుతుంది. అందులోంచి యూరియా ఖర్చు తీసేయాలి. బీఎస్-6 బండికి డీజిల్‌తో పాటు ఈ యూరియా ద్రావణం కూడా తాగిస్తూ ఉండాలి, డీజిల్‌లో సుమారు ఐదు శాతం. అయిపోయిందని నిర్లక్ష్యం చేస్తే ఇంజిన్ తన పవర్ తనే తగ్గించేసుకుంటుంది. అది పోను ఏడు వేలు. 19 వేల తేడాలో ఏడు వేలు తీసేస్తే నెలకు 12 వేలు లోటు. ఈ ఐదేళ్లూ అది బాడుగలోంచే రావాలి.

రేటు ఇలా అనుకున్నాం. చెన్నై కోయంబేడు మార్కెట్టుకు ఫుల్ లోడు ఇప్పటిదాకా 11,500 తీసుకుంటున్నాం, కొత్త లారీ వచ్చాక 12,500. బెంగళూరుకూ ఇదే పెంపు, వెయ్యి రూపాయలు. అయితే ఒకటి గమనించండి. 2014 బండి ఆర్‌సీలో ఉన్నది 16.2 టన్నులే, ఖాళీ బరువు పోను పది టన్నులు పడుతుంది. కొత్తదాంట్లో పన్నెండు పడుతుంది. నిండా వేసుకునేవాళ్లకు టన్నుకు 1,150 అవుతున్నది దాదాపు 1,040కి దిగుతుంది. సగం లోడు వేసేవాళ్లకు మాత్రం భారమే, అందులో దాపరికం లేదు. ఒకే ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి వేసుకుంటే సరుకు బరువును బట్టి బాడుగ పంచుతాం.

పన్నెండు అన్నానని పధ్నాలుగు వేయమనొద్దు. 2019లో సవరించిన చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20 వేలు జరిమానా, పైన ప్రతి టన్నుకు 2 వేలు. దానికన్నా మొగిలి ఘాటు దిగేటప్పుడు బ్రేకుల సంగతి ఆలోచించండి. ఆ దిగుడులో ఎన్ని లారీలు అదుపు తప్పాయో పలమనేరు, బంగారుపాళ్యం వాళ్లను అడిగితే చెబుతారు.

2014 బండిని అమ్మేయమని నాకు చాలామంది సలహా ఇచ్చారు. అమ్మడం లేదు. లోకల్‌లో అది నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. లీటరుకు నాలుగున్నరే ఇచ్చినా, కొత్తదానితో పోలిస్తే నెలకు 80 లీటర్లు ఎక్కువ తాగుతుంది, ఏడెనిమిది వేలు. కంతు లేని బండికి అది పెద్ద ఖర్చేమీ కాదు. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఏటా ఎఫ్‌సీకి పోవాలి, గ్రీన్ ట్యాక్స్ ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం బండి వయసును చూడదు, బరువునే చూస్తుంది. 12 నుంచి 20 టన్నుల లారీకి 35,313, కొత్తదానికైనా పాతదానికైనా. ఈ వేసవిలోనే దాని బ్రేక్ లైనర్లు, డ్రమ్ములు మార్పించాం, కమాన్ కట్టలు విప్పించి విరిగిన పట్టీలు తీయించాం. ఇంకో నాలుగైదేళ్లు దర్జాగా తిరుగుతుంది. 20 ఏళ్లు దాటిన భారీ బండ్లకు ఎఫ్‌సీ ఫీజును 2025 నవంబరులో కేంద్రం 25 వేలకు తీసుకుపోయింది. అంత దాకా దాన్ని ఉంచుకోవాలని నాకూ లేదు.

ఇంకో కారణం మామిడి. 2025 సీజన్ గుర్తుంది కదా. తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు తేల్చినా గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి రోజుల తరబడి నిలబడ్డాయి. అలాంటి క్యూలో బీఎస్-6 లారీని పెట్టడం నాకిష్టం లేదు. పది అడుగులు జరగడానికి స్టార్ట్ చేసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తుంటే డీపీఎఫ్‌లో మసి పేరుకుపోతుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. మా 2021 లారీకి ఒకసారి క్యూలోనే ఆ లైటు వెలిగింది, సర్వీసు సెంటరుకు తీసుకెళ్లక తప్పలేదు. 2014 దానికి ఆ టెన్షన్ లేదు, ఎన్ని గంటలైనా నిలబడుతుంది. అందుకే తోట నుంచి ఫ్యాక్టరీకి అడిగితే వచ్చేది పాత బండే. "కొత్తది పంపన్నా" అని దయచేసి అడగొద్దు.

క్యూలో బండి నిలబడితే డ్రైవరుకు, క్లీనరుకు బత్తా మేమే ఇస్తున్నాం. ఈ సీజన్ నుంచి లోకల్ లోడుకు బాడుగ పెంచకుండా, ఫ్యాక్టరీ గేటు దగ్గర పన్నెండు గంటలు దాటితే హాల్టింగ్ కింద రోజుకు వెయ్యి తీసుకుంటాం. టోకెను ముందే తీసుకుని బండిని పిలిచే రైతుకు ఇది పడదు.

డ్రైవర్ల మాట కూడా ఒకటి. పాత లారీకి కుర్రాళ్లు రావడం లేదు. కొత్తగా తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ 2025లో తప్పనిసరి అయింది. మే నెల ఎండలో చెన్నై పోయేవాడికి అది సోకు కాదు. బెంగళూరు లైనుకు మా పాత డ్రైవరన్నే కొత్త బండి ఎక్కుతాడు, మీ సరుకు సంగతి ఆయనకు తెలుసు. లోకల్ బండికి ఇంకో డ్రైవరును వెతుకుతున్నాం. అనుభవం ఉన్నవాళ్లెవరైనా తెలిస్తే పంపండి.

కొత్త లారీ బాడీ కట్టించుకుని జూలై చివరికి వస్తుంది. అప్పటిదాకా అన్ని లోడ్లకూ పాత రేటే, ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఆ తర్వాతి లోడుకు కూడా పాత రేటే. చెన్నై టమాటా లోడు సాయంత్రం ఆరులోపు కాటా అయిపోతే తెల్లవారుజామున మార్కెట్టుకు అందుతుంది. ఆలస్యమైతే కాటా దగ్గరే ఫోన్ చేసి చెప్పండి, డ్రైవరు భోంచేసి పడుకోకుండా ఆపుతాను.