బయాప్సీ రిపోర్టుతో పాటు ఇంకో కాగితం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా స్నేహితుడికి గత ఏడాది బుగ్గ లోపల క్యాన్సర్ బయటపడింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పద్దులు రాసే గుమస్తా. ఇరవై ఏళ్ల గుట్కా అలవాటు. ఆ మాట మాకంటే ముందు వాడే ఒప్పుకున్నాడు, కాబట్టి ఆ పాఠం ఇక్కడ మళ్లీ చెప్పను. పదో తరగతి కలిసి చదివిన వాళ్లం వాట్సాప్‌లో సంగతి పెట్టుకున్నాం. వారం తిరక్కముందే 1,86,000 రూపాయలు పోగయ్యాయి. పాతికేళ్లుగా మాట లేనివాళ్లు కూడా ఫోన్‌పే చేశారు. లెక్క రాసే పని నా మీద పెట్టారు. ఆ నోట్‌బుక్కు ముందు పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి పేజీలోనే 52,000 పోయాయి. ఎవరో చెప్పారని హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాం. బయాప్సీ, స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ అక్కడే చేయించాం. ఆపరేషన్‌కు అడ్వాన్స్ కట్టమన్న రోజున తెలిసింది, అక్కడ ఆరోగ్యశ్రీ లేదని. వాడికి తెల్ల రేషన్ కార్డు ఉంది. 2007 నుంచి ఉన్న పథకం. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెంచారని పేపర్లో మేమూ చదివాం. కానీ ఆ టెన్షన్‌లో ‘ఇక్కడ ఆరోగ్యశ్రీ ఉందా’ అన్న ఒక్క ప్రశ్న మా అరవై మందిలో ఎవరికీ తోచలేదు. ఆరోగ్యశ్రీ ఉన్న ఇంకో ఆసుపత్రికి మారితే, వాళ్లు పాత స్కానింగు చూసి కొన్ని పరీక్షలు మళ్లీ చేయాలన్నారు. ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ మాత్రం కార్డు మీదే జరిగాయి. ఆ విషయంలో ప్రభుత్వానికి దండం పెట్టాల్సిందే.

మరి మిగతా డబ్బు ఎటు పోయిందని గ్రూపులో ఒకడు అడిగాడు. అడగడంలో తప్పు లేదు. రేడియేషన్ 30 సిట్టింగులు. వారానికి ఐదు రోజులే పెడతారు, అంటే ఆరు వారాలు. మెషిన్ దగ్గర ఉండేది పదిహేను నిమిషాలు, కానీ మిర్యాలగూడ నుంచి రోజూ వచ్చిపోలేం కదా. ఆసుపత్రి వెనక సందులో రోజుకు 700 చొప్పున గది తీసుకున్నాం. శని, ఆదివారాలు మెషిన్ ఆగుతుంది గానీ అద్దె ఆగదు. గదికే 29,400 అయింది. రేడియేషన్ మొదలుపెట్టే ముందు పాడైన పళ్లు పీకించుకోవాలన్నారు. అదో ఖర్చు. ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారానే తిండి, కాబట్టి ప్రొటీన్ పొడులు. పుండ్ల మందులు. తోడుగా ఉన్న భార్య బీడీల పని మానేసింది. అది మా పుస్తకంలో ఎక్కని ఖర్చు. మిల్లులో జీతం రెండో నెల నుంచే ఆగింది.

కారు కిరాయిల సంగతి చెబితే నాకే సిగ్గేస్తుంది. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ కారు మాట్లాడాం. క్యాన్సర్ రోగి చికిత్సకు వెళ్తే రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలకు టికెట్ పూర్తిగా ఉచితమని, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం రాయితీ అని మాకు నాలుగో నెలలో తెలిసింది. చెప్పింది డాక్టరూ కాదు, ఆఫీసూ కాదు. వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న గుంటూరు పెద్దమ్మ. ఆసుపత్రిలో సర్టిఫికెట్ మీద సంతకం, ముద్ర వేయించుకుని స్టేషన్ కౌంటర్‌లో ఇస్తే చాలంది. మా ఊరికి రైలు ఉంది. మేం మాత్రం టోల్‌గేట్లు కట్టుకుంటూ తిరిగాం.

ముఖ్యమంత్రి సహాయ నిధి కథా అంతే. ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్తే ఒరిజినల్ బిల్లులు తెమ్మన్నారు. మొదటి ఆసుపత్రి బిల్లుల్లో సగం దొరకలేదు. ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాం, అసలు కాగితాలు కారులో పారేశాం. ఆపరేషన్‌కు ముందే అయితే ఎల్వోసీ అని ఒకటి, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం, అడగొచ్చని అక్కడి క్లర్కు చెప్పాడు. అప్పటికి కుట్లు కూడా విప్పేశారు.

నా లెక్క ప్రకారం మేం పోగేసిన దాంట్లో దాదాపు సగం, ముందే తెలిస్తే ఖర్చయ్యేదే కాదు. స్నేహితులు ఇవ్వలేదని కాదు, ఇచ్చింది తప్పుడు చోట పోసేశాం. అసలు అవసరం వచ్చేసరికి పుస్తకంలో 3,000 మిగిలాయి. రెండోసారి గ్రూపులో అడిగితే పదకొండు మంది ఇచ్చారు. వాళ్లనూ తప్పు పట్టను, అందరికీ ఇళ్లలో ఖర్చులున్నాయి. ఇప్పుడు ఇరవై మందిమి నెలకు 500 చొప్పున వేస్తున్నాం. నెల నెలా వచ్చే ఆ 10,000 ఆ ఇంటికి మొదట పోగేసిన 1,86,000 కంటే ఎక్కువ పనికొస్తోంది. ఫొటో పెట్టి ఆన్‌లైన్‌లో విరాళాలు అడుగుదామని కొందరన్నారు. వాడు ఒప్పుకోలేదు. ‘‘రాసి పెట్టుకోండ్రా, మళ్లీ మిల్లుకు పోగానే ఇస్తా’’ అంటాడు. మేం రాసి పెట్టుకున్నట్టే నటిస్తాం.

ప్రభుత్వాన్ని కొత్త పథకం అడగడం లేదు. క్యాన్సర్ అని తేలిన రోజున, ఏ ఆసుపత్రి అయినా సరే, ప్రైవేటు ల్యాబ్ అయినా సరే, రిపోర్టుతో పాటు తెలుగులో ఒక కాగితం చేతిలో పెట్టాలి. మీ జిల్లా నుంచి ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యం ఎక్కడెక్కడ దొరుకుతుంది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎక్కడుంది, కార్డు లేకపోతే ఎవరిని అడగాలి, రైలు సర్టిఫికెట్ ఎక్కడిస్తారు, ఎల్వోసీ ఎప్పుడు అడగాలి, ఏ బిల్లు పారేయకూడదు. ఇంతే. జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ సెంటర్లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. అవి వస్తే కీమోకైనా ఈ తిరుగుడు తగ్గుతుంది. రేడియేషన్ మెషిన్లు అన్ని ఊళ్లకూ రావు కాబట్టి, పెద్ద ఆసుపత్రుల దగ్గర ఆరు వారాలు తల దాచుకోవడానికి తక్కువ అద్దె గదులైనా చూడాలి.

మా వాడు ఆ కాగితం తనే తయారు చేశాడు. పద్దులు రాసిన చెయ్యి, ముత్యాల్లాంటి అక్షరాలు. వంద జిరాక్సులు తీయించుకుని పోయిన చెకప్‌కు వెళ్లినప్పుడు ఓపీ దగ్గర పంచబోయాడు. ఇక్కడ కరపత్రాలు పంచకూడదని సెక్యూరిటీ వాళ్లు ఆపేశారు. వాళ్ల డ్యూటీ వాళ్లది. ఆ కాగితం ఆసుపత్రి ముద్రతోనే రావాలని మేమూ అడుగుతున్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిర్యాలగూడ
(స్నేహితుడి కోరిక మేరకు పేర్లు రాయలేదు)