పెట్టె మీది అంకె చూసి స్కిమ్మర్ కొనొద్దు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్లకు ప్రోటీన్ స్కిమ్మర్ హైదరాబాద్ నుంచో కొరియర్‌లోనో రావాల్సిందే. నీళ్లలోకి బుడగలు వదిలి, మలినాన్ని నురగతో పాటు మెడలాంటి గొట్టం గుండా పైనున్న కప్పులోకి చేర్చే పరికరమిది. సైజు తప్పితే మార్చుకోవడం పెద్ద తతంగం. కొనబోయే పాఠకులకు పనికొస్తుందని రాస్తున్నాం.

పెట్టె మీద ‘500 లీటర్ల వరకు’ అని ఒక్క అంకే ఉంటే, అది చేపలు కొద్దిగా, మేత కొద్దిగా ఉన్న తొట్టికి చెప్పిన లెక్క అనుకోండి. పెద్ద చేపలు పెట్టి, ఫ్రోజెన్ మేత పూటపూటా వేసేవాళ్లు అందులో సగమే నమ్మాలి.

ముందు మీ దగ్గరున్న నీళ్లెన్నో తేల్చుకోండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టి తొమ్మిది ఘనపు అడుగులు, అంటే సుమారు 255 లీటర్లు. పైన రెండంగుళాలు వదిలితే 226. రాళ్లు, ఇసుక ఓ 30 లీటర్ల చోటు తీసుకుంటాయి. కింద సంపులో (తొట్టి కింద ఉండే చిన్న తొట్టి, స్కిమ్మర్ ఉండేది అందులోనే) 50 లీటర్లుంటే మొత్తం 246. క్లౌన్ చేపల్లాంటి చిన్నవి నాలుగైదే ఉంటే 300 లీటర్ల స్కిమ్మర్ చాలు. ట్యాంగులు, లయన్ చేపలు ఉంటే 500 లీటర్లది తీసుకోవాలి.

అలాగని మరీ పెద్దది కొనడమూ పొరపాటే. నురగను నిలబెట్టేది నీళ్లలోని మలినమే. అది చాలకపోతే బుడగలు మెడ దాకా ఎక్కి, కప్పులో పడకముందే పగిలి కిందికి జారిపోతాయి. రెండ్రోజులు కప్పు ఖాళీగా ఉండి, మూడో రోజు ఒక్కసారిగా నిండుతుంది. చిన్నదైతే నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగి రాళ్ల మీద నాచు పడుతుంది.

కొనేముందు సంపులో స్కేలు పెట్టి నీటి లోతు కొలవండి. చాలా స్కిమ్మర్లకు 18 నుంచి 23 సెంటీమీటర్ల లోతు కావాలి. ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. ఎండాకాలం ఫ్యాన్లు తిరిగితే నీళ్లు గబగబా ఆవిరై మట్టం పడిపోతుంది, నురగ ఆగిపోతుంది. అందుకే మట్టం మారని అరలోనే స్కిమ్మర్ ఉండాలి. తరిగిన నీటికి బదులు ఆర్ఓ నీళ్లే పోయాలి. బోరు నీళ్లు పోస్తూ పోతే ఫ్లోరైడ్, నైట్రేట్ తొట్టిలోనే పోగుపడతాయి. కాల్షియం పంపులో తిరిగే రెక్కకు, అంటే ఇంపెల్లర్‌కు తెల్లగా పట్టి, గాలి లాగడం తగ్గుతుంది. అలా పట్టినప్పుడు పంపు విప్పి, వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గంటసేపు నానబెట్టండి.

పెట్టె మీద 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ ఉన్నాయా చూడండి. 60 హెర్ట్‌జ్‌కి చేసిన ఏసీ పంపు మన కరెంటు మీద మెల్లగా తిరుగుతుంది.

మన దగ్గర అసలు ముప్పు కరెంటు పోయి వచ్చినప్పుడు. సంపు నీళ్లను పై తొట్టికి తోసే రిటర్న్ పంపు ఆగగానే పై తొట్టి నీళ్లు కొన్ని సంపులోకి దిగుతాయి, మట్టం పెరుగుతుంది. కరెంటు రాగానే ఆ లోతులో స్కిమ్మర్ మొదలైతే నిమిషాల్లో కప్పు పొంగి, పట్టిన మురికంతా మళ్లీ నీళ్లలో కలుస్తుంది. స్కిమ్మర్‌కు విడి స్విచ్ గానీ, పది నిమిషాలు ఆగి వెలిగే టైమర్ గానీ పెట్టండి. రిటర్న్ పంపును వదిలేసి స్కిమ్మర్ ఒక్కదాన్నే ఇన్వర్టర్‌కు కలపడం మరీ ప్రమాదం. ఇన్వర్టర్ మీద ముందుండాల్సింది నీటిని కదిలించే వేవ్ పంపు. చేపలకు ఊపిరి దానివల్లే.

స్కిమ్మర్ మెడ లోపల వేలితో రాస్తే జిడ్డుగా ఒక వలయం తగులుతుంది. ఆ జిడ్డు నురగను పగలగొడుతుంది. రెండు మూడు రోజులకోసారి గుడ్డతో తుడవాలి. కప్పులో నీళ్లు పలుచటి చాయ్ రంగులో ఉంటే స్కిమ్మర్ లోపలి నీటి మట్టం కాస్త కిందికి దించండి.

కొత్త స్కిమ్మర్ మొదటి వారం, రెండు వారాలు పొంగొచ్చు, అసలు నురగే కట్టకపోవచ్చు. తయారీలో అంటుకున్న నూనె పోయేదాకా అంతే. సైజు తప్పిందని ఆ లోపలే వెనక్కి పంపకండి.

— కొందరు ఉప్పునీటి అక్వేరియం పెంపకందారులు, నల్లగొండ