పసిబిడ్డను పంపేముందు ఒక్క ఫోన్ చేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పుట్టిన బిడ్డను పెద్దాసుపత్రికి తరలిస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందన్న వార్త వచ్చినప్పుడల్లా అందరూ అంబులెన్స్ ఆలస్యం గురించే మాట్లాడతారు. ఆలస్యం ఉంది, కాదనను. కానీ ప్రభుత్వాసుపత్రి పసిపిల్లల వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి చెబుతున్నా, బండి టైముకే వచ్చినా బిడ్డ చల్లబడిపోయి రావడం మేం ఎన్నోసార్లు చూశాం.

పాడేరు, చింతపల్లి వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరాలంటే గంటల ప్రయాణం. కిలోన్నర బిడ్డను తడి తువ్వాల్లోనే చుట్టి పంపేస్తారు, నెత్తికి టోపీ ఉండదు, బండిలో ఏసీ తగ్గించమని ఎవరికీ తోచదు. రాగానే మేం పొట్ట మీద ఒక చెయ్యి, అరికాళ్ల మీద ఒక చెయ్యి పెట్టి చూస్తాం. కాళ్లు చల్లగా ఉన్నా పొట్ట వెచ్చగా ఉంటే కొంత నయం, రెండూ చల్లబడితే మాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఒంటి వేడి 36.5 డిగ్రీల కంటే కిందికి జారేకొద్దీ రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది. చేతిలో చీటీ చూస్తే 'హయ్యర్ సెంటర్‌కి రిఫర్' అని ఒక్క ముక్క, బిడ్డ ఎన్నింటికి పుట్టింది, వెంటనే ఏడ్చిందా, ఏ ఇంజెక్షన్ ఇచ్చారు, ఏమీ ఉండదు. తల్లిని అక్కడే ఉంచేస్తారు. వెంట వచ్చిన నాయనమ్మను అడిగితే ఆవిడేం చెబుతుంది పాపం!

2020 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో 108 కొత్త వాహనాలతో పాటు పసికందుల కోసమే ప్రత్యేకంగా 26 నియోనేటల్ అంబులెన్సులు కూడా వచ్చాయి. అప్పటి 13 జిల్లాలకు జిల్లాకు రెండు లెక్కన. మంచి పనే. అయితే ఒకటి ఏజెన్సీకి వెళ్లి తిరిగొచ్చేసరికి పూట గడిచిపోతుంది, ఈలోపు మిగతా పిల్లలు మామూలు 108లోనో దొరికిన ప్రైవేటు బండిలోనో రావాల్సిందే. అందుకని ముందు ఆ మామూలు బండి ప్రయాణమే బాగుపడాలి. తల్లి కూర్చోగలిగితే తల్లి, లేకపోతే తండ్రి, బిడ్డను బట్టల్లోపల ఛాతీకి ఆనించి పట్టుకొస్తే చాలు, ఒళ్లు చల్లబడదు. వార్డుల్లో రోజూ చేయించే కంగారూ పద్ధతే ఇది, పైసా ఖర్చు లేదు. ఊపిరాడని బిడ్డకు ఇదొక్కటే సరిపోదనుకోండి, వాళ్లకు సామగ్రి, నేర్చిన మనిషి తప్పదు.

ఇక ఫోన్ సంగతి. బెడ్ ఖాళీ ఉందో లేదో పెద్దాసుపత్రిలో పసికందుల ప్రత్యేక వార్డును, అంటే ఎస్‌ఎన్‌సీయూని అడక్కుండానే బండి ఎక్కించేస్తారు. ఇక్కడ చూస్తే బిడ్డను వెచ్చగా ఉంచే ఒకే వార్మర్‌లో ఇద్దరు పిల్లలు. అక్కణ్ణుంచి ఇంకో ఆసుపత్రి, ఆపైన ఇంకోటి, ఈ తిరుగుడంతా బిడ్డ ఒంటి మీదే. ఏ ఎస్‌ఎన్‌సీయూలో ఎన్ని ఖాళీలున్నాయో 108 కంట్రోల్ రూమ్‌కి ఎప్పటికప్పుడు తెలిసేలా చేయడం ఈ రోజుల్లో అంత పెద్ద పనా? అసలు నెలలు నిండకుండా నొప్పులొస్తున్నాయని ముందే తెలిస్తే, టైముంటే, కాన్పు కాకముందే తల్లినే పంపాలి.

బిడ్డ చేరినప్పటి ఒంటి వేడి మేం కేసు షీట్‌లో రాస్తాం. ఆ అంకె పంపినవాళ్ల దాకా వెళ్లదు. కలెక్టర్లు శిశు మరణాల సమీక్షలో దాన్ని పంపిన ఆసుపత్రి పేరుతో సహా చదివించాలి. రెండు మీటింగులయ్యేసరికి పిల్లలు టోపీలతో రాకపోతే నన్నడగండి.

- ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, విశాఖపట్నం