ముందు వరుసను వేలానికి పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ వినోదం పేజీలో, రాబోయే హెవీ మెటల్ టూర్ టికెట్ల గురించి వచ్చిన కథనం చదివాను. ఏ జోన్‌లో ఏయే సౌకర్యాలు ఉంటాయో, వేదికకు దగ్గరగా నిలబడేందుకు ఎక్కువ ధరకు అమ్మే ముందు జోన్ టికెట్లు ఎంత త్వరగా అయిపోతాయో బాగానే వివరించారు. కానీ ఆ ముందు జోన్ అసలు ఎందుకు ఉండాలి అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. తేదీలు బయటికొచ్చినప్పటి నుంచి మా మిత్రబృందంలో అన్నిటి కంటే ఎక్కువగా వాదించుకుంటున్నది దాని గురించే. బ్యాండ్ పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయేది ఒక్క బ్యాండ్‌కి సంబంధించిన మాట కాదు. పైగా మైదానాన్ని జోన్లుగా ముక్కలు చేసేది చాలాసార్లు నిర్వాహకులే, వేదికెక్కి వాయించేవాళ్లు కాదు.

టూర్ ప్రకటన వచ్చిందంటే మెటల్ అభిమానులకు నిద్ర ఉండదు. ముందు, ఏ రాత్రికి వెళ్లాలన్నది తేలాలి. మెటాలికా బ్యాండ్ 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన ఎం72 టూర్‌లో చాలా ఊళ్లలో రెండేసి రాత్రులు వాయించింది, మొదటి రాత్రి పాట రెండో రాత్రి లేకుండా. అలాంటప్పుడు ఒక్క రాత్రికే డబ్బున్నవాడి బాధ ఎవరికి చెప్పుకుంటాడు? తర్వాత సెట్‌లిస్ట్, అంటే ఆ రాత్రి వాయించే పాటల జాబితా, దాని గొడవ. మాలో ఒకాయన టూర్ మొదటి రాత్రి ఏం వాయించారో తెలిసిన దగ్గర్నుంచి అవే పాటలు అదే వరుసలో వింటూ తయారవుతాడు. ఇంకొకావిడ ఆ జాబితా ఎవరైనా ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోతుంది. ప్రధాన బ్యాండ్ కంటే ముందు వచ్చే ఓపెనింగ్ బ్యాండ్ వాయించే వేళకు చేరుకోవాలా అక్కర్లేదా అన్నదానికి మాత్రం నా దగ్గర చర్చ లేదు, చేరుకోవాల్సిందే. ఈ రోజు స్టేడియాలు నింపుతున్న బ్యాండ్లలో ఒకప్పుడు సగం ఖాళీ హాల్లో, ఇంకొకరి కోసం వచ్చిన జనం ముందు వాయించని బ్యాండ్ లేదు.

ఈసారి వీటన్నిటి కంటే పెద్ద వాదన "ఇదే ఆఖరి టూర్ అంటున్నారు, ఎంతైనా పెట్టి ముందు జోన్ కొనేద్దాం" అన్నది. మాలో అందరికంటే చిన్నవాడు, డ్రమ్స్ నేర్చుకుంటున్న కుర్రాడు, ఆ మాట అన్నప్పుడు నాకు నిజంగా కష్టమనిపించింది. వాడి దగ్గర అంత డబ్బు లేదు, అప్పు చేస్తానంటున్నాడు. ఆఖరిది అనే మాటకు భయపడి అప్పు చేయొద్దని వాడికి చెప్పాను. స్కార్పియన్స్ బ్యాండ్ వాళ్లు 2010లో వీడ్కోలు టూర్ ప్రకటించారు, ఇప్పటికీ వాయిస్తున్నారు. మోట్లీ క్రూ అయితే ఇక టూర్ చేయబోమని 2014లో ఒప్పంద పత్రం మీద సంతకాలే చేశారు, 2015 డిసెంబర్ 31న చివరి కచేరీ అని వాయించారు, 2022కల్లా మళ్లీ స్టేడియాల్లో ఉన్నారు. స్లేయర్ 2019 నవంబర్ 30న లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో ముగించి 2024లో తిరిగొచ్చారు. వాళ్లు తిరిగొచ్చినందుకు నాకు సంతోషమే, వాళ్లను తప్పు పట్టడం లేదు. ఆ మాటను అడ్డం పెట్టుకుని పిల్లల చేత ఖరీదైన టికెట్ కొనిపించడమే నాకు నచ్చనిది.

ఇంతకీ ముందు వరుస మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. నా ఎత్తు ఐదడుగులు కూడా ఉండదు. నిలబడి చూసే మైదానంలో నాలుగో వరుసలో ఉన్నానంటే నాకు కనిపించేవి వీపులే. ముందున్న ఇనప రెయిల్ పట్టుకుని నిలబడితేనే నాకు వేదిక కనిపిస్తుంది. అక్కడి నుంచి చూస్తే డ్రమ్మర్ రెండు కాళ్లూ డబుల్ బాస్ పెడల్ మీద ఎలా ఆడుతున్నాయో తెలుస్తుంది. గిటారిస్ట్ చెమట పట్టిన వేళ్లను ప్యాంటుకి తుడుచుకుని సోలోకి దిగడం కనిపిస్తుంది. బాస్ గిటార్ వాయించేవాడు డ్రమ్మర్ వైపు తిరిగి కళ్లతోనే ఏదో అడిగితే, వాడు తల ఊపితే, మరుక్షణం పాట వేగం మారుతుంది. రికార్డింగ్‌లో అది దొరకదు, పెద్ద తెర మీద కూడా దొరకదు. మెటల్ అంటే వట్టి గోల అనుకునే వాళ్లను ఒక్కసారి ఆ రెయిల్ దగ్గర నిలబెట్టాలని నా కోరిక.

కొన్నేళ్ల కిందట ఒక కచేరీలో మొదటిసారి ముందు జోన్ పెట్టారు. వేదిక ముందు పెద్ద ఆవరణ, దాని వెనక రెండో బారికేడ్, ఆ వెనక మేమంతా. కచేరీ మొదలయ్యే వేళకు ముందు ఆవరణలో సగానికి పైగా ఖాళీ నేలే కనిపిస్తోంది. ఉన్నవాళ్లలో చాలామంది వేదికకు వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. మా వెనక మాత్రం ఊపిరాడని జనం. గాయకుడు ముందుకు రండి ముందుకు రండి అని చేతులు ఊపి పిలిచాడు. రావడానికి మాకు దారేది? రెండో పాటకే ఆయన ముందున్నవాళ్ల తలల మీదుగా మా వైపు చూస్తూ పాడటం మొదలుపెట్టాడు. నా పక్కన బారికేడ్‌కి నొక్కుకుపోయి ఒక అబ్బాయి ఉన్నాడు, ప్రతి పాటా ప్రతి మాటా గొంతెత్తి పాడుతున్నాడు. గిటారిస్ట్ వేదిక అంచుకొచ్చి, తీగలు మీటే చిన్న బిళ్ల, పిక్, విసిరాడు. అది వచ్చి ఆ ఖాళీ నేల మీద పడింది, తీసుకునేవాళ్లే లేరు. చివరికి సెక్యూరిటీ ఉద్యోగి ఒకాయన ఆ ఖాళీ అంతా దాటుకుంటూ వెళ్లి, వంగి, పిక్ తీసి, అంతదూరం నడిచొచ్చి ఆ అబ్బాయి చేతిలో పెట్టాడు. ఆ ఉద్యోగికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. కానీ ఆయన నడిచిన ఆ దూరం అక్కడ ఉండాల్సింది కాదు.

బారికేడ్లే వద్దని నేను అనడం లేదు. 1988 ఆగస్టు 20న ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్‌లో మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవానికి లక్షకు పైగా జనం వచ్చారు. ఆ రోజు ప్రధాన బ్యాండ్ ఐరన్ మెయిడెన్. మధ్యాహ్నం గన్స్ ఎన్ రోజెస్ వాయిస్తుండగా వేదిక ముందు బురదలో జనం ఒకరి మీద ఒకరు పడిపోయి ఇద్దరు అభిమానులు చనిపోయారు. మరుసటి ఏడాది అక్కడ ఆ ఉత్సవమే జరగలేదు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డె ఉత్సవంలో పెర్ల్ జామ్ వాయిస్తున్నప్పుడు ఇలాగే తొక్కిడిలో తొమ్మిది మంది పోయారు. వేల మంది ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తే ఆ బరువంతా ముందున్నవాళ్ల ఛాతీ మీద పడుతుంది, ఊపిరి తీసుకునే చోటు ఉండదు. అందుకే మధ్యలో బారికేడ్లు పెట్టి జనాన్ని విడదీయాలి. ఇందులో ఎవరికీ వేరే మాట ఉండదు.

అయితే రోస్కిల్డె వాళ్లు ఆ తర్వాత ఏం చేశారో చూడండి. వేదిక ముందు ఆవరణలు కట్టారు, అందులోకి ఇంతమందినే అని లెక్క పెట్టుకున్నారు, వరుసలో వచ్చినవాళ్లను వచ్చినట్టు పంపుతున్నారు. అక్కడ నిలబడటానికి విడిగా టికెట్ లేదు. అంటే ప్రాణాలు కాపాడేది బారికేడ్, లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క. ముందు నిలబడేవాడు ఎంత డబ్బు కట్టాడన్నదానికీ భద్రతకీ ఏ సంబంధమూ లేదు. నేను చూసిన కచేరీలో ఐతే తిరగబడింది. భద్రత కోసం పుట్టిన బారికేడ్ వల్లే ముందు చోటు ఖాళీగా ఉండి వెనక ఇరుకు పెరిగింది. ఆ రోజు ఏమీ జరగలేదంటే, మెటల్ జనానికి ఒక పాత నియమం ఉండబట్టే. మోష్‌లో, అంటే ఒకరినొకరు తోసుకుంటూ ఆడే గుంపులో, ఎంత ఊపు మీదున్నా సరే, ఒకడు కింద పడితే చుట్టూ ఉన్నవాళ్లంతా ఆగి, చేతులు అడ్డం పెట్టి, ముందు వాణ్ణి పైకి లేపాలి. ఆ సాయంత్రం ఎవరిదో ఊడిపోయిన బూటు ఒకటి తలల మీదుగా చేతులు మారుతూ వెళ్లి యజమానిని చేరడం నా కళ్లతో చూశాను.

ముందు జోన్ డబ్బుతోనే వెనక టికెట్లు తక్కువకు ఇవ్వగలుగుతున్నామని నిర్వాహకులు అంటారు. సరే, వాళ్ల ఖర్చులు వాళ్లకుంటాయి. స్టేజీ, లైట్లు, రవాణా, వందలమంది సిబ్బంది. డబ్బున్నవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవాలనుకుంటే మంచి కుర్చీలు వేయండి, నీడ ఇవ్వండి, ప్రత్యేకమైన దారి పెట్టండి, వాటికి ఎంతైనా తీసుకోండి. మా బృందంలోనే మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన ఒకరున్నారు, ఆయన సంతోషంగా సీటింగ్ టికెట్ కొంటారు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు కూర్చుని చూడటానికి ఎత్తయిన అరుగు కట్టడం ఎలాగూ తప్పనిసరి, దానికి అదనంగా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. వేదిక ముందు నేల ఒక్కటీ వదిలేయండి.

వదిలేస్తే ఎవరికివ్వాలి? ఇక్కడ మాలో మాకే పడదు. డ్రమ్స్ కుర్రాడు క్యూ అంటాడు, ఎవరు ముందొస్తే వాళ్లకు. నేను ఒప్పుకోను. పొద్దుటి నుంచి ఎండలో నిలబడటం ఉద్యోగం చేసుకునేవాళ్లకు కుదరదు, ఆరోగ్యం బాగోనివాళ్లకు అసలు కుదరదు. తలుపులు తెరవగానే పరుగులు, తోపులాటలు. నాకు లాటరీ నచ్చుతుంది. ఐరన్ మెయిడెన్ అభిమాన సంఘంలో ఈ పద్ధతి ఉంది. టికెట్ కొన్న సభ్యుల్లోంచి డ్రా తీసి కొందరిని అందరికంటే ముందు లోపలికి పంపుతారు, వాళ్లు వెళ్లి రెయిల్ పట్టుకుంటారు. సంఘం సభ్యత్వం వరకు డబ్బు కట్టాలి, కాదనను. కానీ లోపల ఆ చోటు అదృష్టం మీద వస్తుంది, పర్సు బరువు మీద కాదు. మొన్న దీని మీద రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకున్నాం. చివరికి సగం డ్రా, సగం క్యూ అన్న దగ్గర కుర్రాడూ నేనూ రాజీకొచ్చాం.

ఈ సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో నిర్వాహకులకు తెలియంది కాదు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆ ఉద్యోగంలో ఆఖరి రోజున, కుడిచేతి రెండు వేళ్ల చివర్లు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, వేళ్లకు భారం తగ్గించడానికి పలచటి తీగలు వేసుకుని వాయించాడు. తర్వాత తీగలను ఇంకా వదులు చేసి శ్రుతి దించాడు. మనం మెటల్ అని పిలుచుకునే ఆ బరువైన నాదంలో ఆ గాయం వాటా చాలా ఉంది. అదే బ్యాండ్ 2025 జులై 5న తమ చివరి కచేరీ కోసం తాము పెరిగిన బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్‌కే, విల్లా పార్క్ స్టేడియానికే తిరిగొచ్చింది. నిలబడలేని గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ సింహాసనం మీద కూర్చుని పాడాడు. లాభాలు పిల్లల ఆసుపత్రికి, నయంకాని జబ్బులున్న పిల్లలను చూసుకునే హాస్పిస్‌కి, పార్కిన్సన్స్ వ్యాధి పరిశోధనకు అన్నారు. ఆ నెల 22న ఆయన పోయాడు. వార్త తెలిసి మా బృందంలో ఆ రాత్రి ఎవరమూ మాట్లాడుకోలేదు, పాటలు మాత్రం పెట్టుకున్నాం. ఫ్యాక్టరీ వీధుల్లో పుట్టిన ఈ పాటల ముందు నిలబడే హక్కుని డబ్బుకి అమ్ముతుంటే నాకు అందుకే ఒళ్లు మండుతుంది.

ముందుకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట చెప్పి తీరాలి. ఇయర్‌ప్లగ్స్ లేకుండా వెళ్లకండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంటే. కచేరీల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదనీ, ప్రేక్షకులకు ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. ప్లగ్స్ పెట్టుకుంటే సంగీతం పాడవుతుందని కుర్రాళ్లు అనుకుంటారు. సంగీతం కోసం చేసిన ప్లగ్స్ పెట్టుకుంటే గిటార్లు ఇంకా విడివిడిగా వినిపిస్తాయి. చెవిలో గుయ్యిమనే మోత ఒకసారి శాశ్వతంగా వచ్చిందంటే పోగొట్టే మందు లేదు.

మీ పత్రికను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. అందరికీ టికెట్లు అమ్మే జనరల్ సేల్ ఇంకా మొదలవలేదు. ఈలోపు మీ విలేకరి నిర్వాహకులను కలిసి, వేదికకూ రెండో బారికేడ్‌కూ మధ్య ఎంత దూరమో, ముందు ఆవరణలో ఎంతమందిని నిలబెడతారో, మొదటి పాట వేళకు అక్కడ ఖాళీ ఉంటే వెనకవాళ్లను లోపలికి వదులుతారో లేదో అడిగి, వాళ్లిచ్చిన జవాబుని ఉన్నదున్నట్టు అచ్చు వేయండి. ఖాళీ చోటు నింపుతామని వాళ్లు ఒక్క మాట రాసిచ్చినా మా కుర్రాడు అప్పు చేయకుండా మామూలు టికెట్ కొనుక్కుంటాడు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు