వరదప్పుడు మాట ఒకరిదే ఉండాలి

అందరికీ నమస్కారం. మళ్ళీ వాయుగుండం అంటున్నారు. పెన్నా మీదున్న సోమశిల డ్యాం గేట్లు ఎత్తారని వినగానే మన గ్రూపులో ఎవరికి తోచింది వాళ్ళు పెట్టేస్తారు, పాత వీడియోలతో సహా. టెన్షన్ పెరగడం తప్ప పని జరగదు.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు కట్ట, హైవే రెండూ కోసుకుపోయాయి. దారి తెగాక ఎంత మంచి నిర్ణయమైనా అక్కరకు రాదు. సోమశిలలో వదిలిన నీళ్ళు మన దాకా రావడానికి గంటలు పడుతుంది. ఆ గంటలే మన చేతిలో ఉన్నవి.

అందుకే ఈసారి అధికారులతో మాట్లాడి ఊరికి చెప్పేది సర్పంచ్ గారొక్కరే. ఖాళీ చేయమంటే చేయడమే, వాదనలు తర్వాత. తీరా నీళ్ళు రాకపోయినా ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఇది గట్టిగా అడుగుతున్నా. రేపు మాట పడాల్సి వస్తుందేమోనని జంకే మనిషి అర్ధరాత్రి నిర్ణయం తీసుకోలేడు.

ముసలివాళ్ళని, నెలలు నిండిన ఆడవాళ్ళని పగలే బడికి చేర్చండి. గొడ్లని గుంజకి కట్టేసి రావద్దు, పలుపులు విప్పేయండి. ఏటి పక్క వీధుల్లో మంచం దిగలేని పెద్దవాళ్ళు ఎవరున్నారో సాయంత్రంలోగా ఇక్కడ రాయండి, ట్రాక్టర్ ముందు వాళ్ళింటికే పంపిస్తాం.