ఈ వారం మార్కు 5, నిదానంగా

అందరికీ వందనాలండి. ఈ వారం బైబిల్లో మార్కు సువార్త 5వ అధ్యాయం 21 నుంచి 43 వరకే. రోజూ ఆ వచనాలే చదవండి, ముందుకెళ్లొద్దు.

రక్తస్రావంతో ఉన్న స్త్రీ బాధ 12 ఏళ్లది. చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యేసును వేడుకున్న సమాజమందిరపు అధికారి యాయీరు. ఆ కూతురి వయసూ 12 ఏళ్లే. లూకా తన సువార్తలో ఆ పిల్ల వయసు మొదట్లోనే చెప్పేస్తాడు. మార్కు మాత్రం చనిపోయిన ఆ పిల్ల యేసు మాటతో లేచి నడిచాక, 42వ వచనంలో గానీ చెప్పడు. ఎందుకంటారు?

34లో ప్రభువు ఆ స్త్రీని "కుమారీ" అంటాడు. తన కూతురి కోసం టెన్షన్ పడుతున్న యాయీరుకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ఇక 43లో పాపకు తినడానికి పెట్టమనడం నాకెంతో ఇష్టం. అంత అద్భుతం జరిగాక ఆకలి సంగతి గుర్తుంచుకున్నది ఆయనే!

యూట్యూబ్ ప్రసంగాలు తర్వాత వినొచ్చు. మీరు గమనించినవి శనివారం రాత్రిలోపు ఇక్కడ పెట్టండి, వాయిస్ మెసేజ్ అయినా పర్లేదు.