వంకరింటి సంగతి

ఒరేయ్ బావా,

కొత్తగూడెంలో పుట్టి పెరిగినవాడివి కాబట్టి ఈ కథ నీకే రాయాలనిపించింది. కింద బొగ్గు తవ్వేస్తే పైన ఇల్లు ఏమవుతుందో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు కదా. సింగరేణిలో బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపుతారని మీ నాన్నగారు చెబుతుంటే ఎంత సేపైనా వినేవాళ్ళం. ఇంగ్లండులో డడ్లీ పట్నం దగ్గర హిమ్లీ అనే ఊరుంది. అక్కడ బొగ్గు కోసం తవ్విన నేల కుంగిపోయింది.

పైన ఉన్నది 1765లో కట్టిన రైతు ఇల్లు. ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎంతనుకున్నావు? ఈ కొస కంటే ఆ కొస దాదాపు నాలుగడుగులు కిందికి! ఇంకెవరైనా అయితే ఇటుకలు ఊడదీసుకుపోయేవారు. వీళ్ళు 1830ల్లో దాన్ని పబ్ చేశారు. పలక మీద పేరు అక్కడి భూస్వామి వంశానిది, గ్లిన్ ఆర్మ్స్. జనం మాత్రం క్రూకెడ్ హౌస్, అంటే వంకరిల్లు అనే పిలుచుకున్నారు.

లోపల గోళీ పెడితే ఎత్తుకి ఎక్కుతున్నట్టు కనిపించేది. నిజానికి అది పల్లానికే పోతోంది. గోడలు, తలుపులు, కిటికీలు అన్నీ ఒకే పక్కకి ఒరిగి ఉండటంతో మన కన్నే మోసపోతుంది. తిన్నగా వేలాడే గడియారం కూడా వంకరగా కనబడేది.

1940ల్లో ప్రమాదమని కూల్చెయ్యబోయారు. వుల్వర్‌హాంప్టన్ అండ్ డడ్లీ బ్రూవరీస్ అనే బీరు కంపెనీ ఇనుప దూలాలు దూర్చి, ఆసరా గోడలు కట్టి నిలబెట్టింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదేరా. వాళ్ళు వంపు తీసెయ్యలేదు, వంపుని వంపుగానే కాపాడారు.

2023 జూలైలో అది చేతులు మారింది. ఆగస్టు 5 రాత్రి అంటుకుంది. ఫైరింజన్లు వెళ్ళే దారికి అడ్డంగా మట్టి దిబ్బలు! అయినా గోడలు మిగిలాయి. రెండు రోజులకే, 7న, పొక్లెయిన్ తెచ్చి వాటినీ నేలమట్టం చేశారు. పై అంతస్తులో కొంత తియ్యడానికే ఒప్పుకున్నామని, మొత్తం కూల్చమనలేదని కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థ, చెప్పింది. అన్నేళ్ళ కట్టడం రక్షిత కట్టడాల జాబితాలోనే లేదు. నాకు ఆ మంట మీద కన్నా దీని మీదే ఎక్కువ కోపమొచ్చింది.

జనం ఊరుకోలేదులే. 2024 ఫిబ్రవరిలో సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్ ఉత్తర్వు ఇచ్చింది: మూడేళ్ళలో, మంటకి ముందు ఎలా ఉందో అలాగే కట్టాలని. యజమానులు అప్పీలుకి వెళ్ళారు.

అయ్యే పనేనా అంటావేమో. లండన్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్‌ని 2015లో అనుమతి లేకుండా కూల్చేస్తే, వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ పట్టుబట్టి తిరిగి కట్టించింది. 2021లో తలుపులు తెరిచారు. అక్కడ కూల్చకముందే ఫొటోలు, గోడ పలకల అచ్చులు తీసిపెట్టుకోవడం బాగా పనికొచ్చింది.

కానీ అది నిటారు గోడల పబ్. జీవితమంతా గుండు వేలాడదీసి నిలువు చూసుకున్న మేస్త్రీలు ఇక్కడ కావాలని వంకరగా, అదీ సరిగ్గా పాత వంకరే వచ్చేలా కట్టాలి. తల్చుకుంటేనే ఒళ్ళు పులకరిస్తోంది. కడితే తప్పకుండా వెళ్ళి చూస్తాను.

ఒక్క సందేహం మాత్రం తేలడం లేదు. బొగ్గు తీసి అన్నేళ్ళైన నేల ఇంకా కుంగుతుందా, లేక గట్టిపడిపోతుందా? మీ నాన్నగారిని అడిగి వెంటనే రాయి.

నీ
బావ